మందుకిచ్చాము సరే, మరి మాటకో?

బెంగళూరులో తరతరాలుగా కాపురముంటున్న మన కుటుంబాలవారికి ప్లేగమ్మ గుడి కొత్త కాదు. ఒకప్పుడు ఊరి పొలిమేరలో ఉండి, ఊరు పెరిగిన కొద్దీ నడివీధిలోకి వచ్చిపడిన అటువంటి చిన్న గుళ్లు ఈ నగరంలో ఇంకా కొన్ని ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ తల్లినే ప్లేగు మారమ్మ అంటారు. ఆ మధ్య ఒక శుక్రవారం నాడు అటువంటి గుడి ముందు నిలబడి, నిమ్మకాయ దీపం పెట్టి వస్తున్న ఆడవారిని "ఈ తల్లికి ఈ పేరెట్లా వచ్చిందమ్మా?" అని అడిగి చూశాము. ఇద్దరు నవ్వి ఊరుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఆగి, "మా నాయనమ్మ చెప్పేది నాయనా, ఇంట్లో ఎలుక చచ్చి పడిందంటే పొయ్యి మీద ఎసరు అట్లాగే వదిలి ఊరవతల గుడిసెలకు పోయేవారట" అన్నది. అంతకు మించి ఆమెకూ తెలియదు. నాయనమ్మను మరికాస్త అడిగి ఉండవలసిందని మాత్రం నొచ్చుకున్నది.

ఆ నొచ్చుకోలే ఈ వ్యాసానికి కారణం.

1896లో బొంబాయిలో పొడచూపిన ప్లేగు రైలు మార్గం వెంబడి దిగివచ్చి, 1898 ఆగస్టులో బెంగళూరు చేరింది. అప్పుడు మైసూరు దివాను కె. శేషాద్రి అయ్యరు గారు. ప్లేగు నివారణ పనికి కమిషనరుగా పనిచేసిన వి.పి. మాధవరావు గారు తదుపరి కాలంలో తానూ దివాను అయినారు. ప్లేగు పనివారికి ఒకరితో ఒకరికి వర్తమానాలు అందడానికని నగరంలో టెలిఫోను తీగలు వేశారు. ఇరుకు సందులు విడిచి గాలీ వెలుతురూ ఉండే చోటికి జనం తరలాలని మల్లేశ్వరం, బసవనగుడి పేటలను విశాలమైన వీధులతో తీర్చారు. ఇవాళ మనలో ఎందరో ఆ పేటలలోనే ఇళ్లు కట్టుకుని పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నాము. అంటే మనము నడిచే వీధుల వెడల్పును సైతం ఒక మహమ్మారి నిర్ణయించిందన్నమాట.

వీధులు మిగిలినవి, తీగలు మిగిలినవి, ప్రభుత్వ దస్తరాలలో అంకెలూ మిగిలినవి. కాని ఎసరు వదిలి గుడిసెలకు పోయిన ఇల్లాలు ఏమనుకున్నది? గుడిసెలో ఏ కులంవారి పక్కన ఏ కులంవారిని ఉంచారు, దానికి ఎవరేమన్నారు? దుకాణం మూసిన వర్తకుడు మళ్లీ తెరిచే వరకు ఎవరి దగ్గర అప్పు చేశాడు? ఇవి అడిగి రాసిపెట్టినవారు బహుస్వల్పం. మనకు దక్కింది ఒక దేవత పేరు మాత్రమే.

ఇరవై ఏళ్లకే మరొకటి వచ్చింది. 1918 జూన్‌లో బొంబాయి రేవు నుండి వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఆ ఏడు సెప్టెంబరు తరువాత దేశమంతటినీ ఊడ్చిపెట్టింది. నేటి భారతదేశపు సరిహద్దుల లెక్కన 1911లో 25 కోట్ల 21 లక్షలున్న జనాభా, 1921 నాటికి 25 కోట్ల 13 లక్షలకు దిగింది. పదేళ్ల లెక్కలలో జనసంఖ్య తగ్గిన సందర్భం అదొక్కటే. పోయినవారు ఎందరో సరిగ్గా చెప్పలేక 1951లో కింగ్‌స్లీ డేవిస్ అనే జనాభా శాస్త్రజ్ఞుడు సుమారు 2 కోట్లన్నాడు. 1986లో ఇయాన్ మిల్స్ అనే చరిత్రకారుడు 1 కోటి 70, 80 లక్షలన్నాడు. కోట్లమంది పోయిన కష్టాన్ని గురించి, అది జరిగిన 30 ఏళ్లకు ఒకరు, 70 ఏళ్లకు ఒకరు దూరాన కూర్చుని కాగితాలమీద లెక్క వేయవలసి వచ్చింది. బతికి బట్టకట్టినవారిని కూర్చోబెట్టి అడిగే పని సకాలంలో జరగలేదు.

"చచ్చినవారు ఎట్లాగూ తిరిగి రారు, ఆ లెక్కలతో పనేమిటి?" అని అడిగేవారుంటారు. దానికి ఒక్క ఉదాహరణ చెబుతాము. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశం ముందున్న పెద్ద ప్రశ్నలలో ఒకటి ఇది: పల్లెలలో పొలం పనికి కావలసినదానికంటె ఎక్కువమంది ఉన్నారా? వారిలో కొందరిని ఫ్యాక్టరీలకు తీసుకుపోతే పంట తగ్గుతుందా, తగ్గదా? అమెరికా అర్థశాస్త్రవేత్త థియోడర్ షుల్జ్ 1964లో వేసిన పుస్తకంలో దీనికి జవాబు వెతకడానికి 1918 నాటి మన జ్వరాన్నే తీసుకున్నాడు. జనం పోయారు, సాగు విస్తీర్ణం తగ్గింది, కనుక అదనపు శ్రామికులు లేనట్లే అన్నాడు. 1967లో మన అమర్త్య సేన్ దానిని ఖండించారు. ఇంటిలో ఒకడు పట్నం పోతే మిగిలినవారు ఆ పని సర్దుకుంటారు. అంటుజ్వరం అట్లా ఇంటికొకరిని లెక్కగా తీసుకుపోదు, ఒక ఇంటిని ముంచి ఒక ఇంటిని వదులుతుంది, రెండూ ఒకటి కావు అన్నది ఆయన వాదంలో ముఖ్యమైన మాట. ఆ ఇద్దరికీ తరువాత నోబెల్ బహుమానాలు వచ్చినవి. చూడండి, ఏనాటి జ్వరం, ఏనాటి వాదం! పల్లెలో ఏ ఇంట ఎందరు పోయారు, మిగిలినవారు పొలం ఎట్లా చేసుకున్నారు అని ఆనాడే ఎవరైనా ఊరూరా అడిగి రాసి ఉంటే, ఆ వాదం అంత దూరం పోవలసిన అవసరమే ఉండేది కాదేమో.

ఇక మన కళ్లముందు జరిగినదానికి వద్దాము. 2020 మార్చి 24 రాత్రి దేశమంతా తలుపులు మూసుకోమన్నారు. అందుకు ఆధారంగా మొదట బయటికి తీసిన చట్టాలలో ఒకటి ప్లేగు కాలంలో 1897లో చేసిన అంటువ్యాధుల చట్టమే. ఆ ఏడే పుణెలో, ప్లేగు సోదాల పేరిట ఇళ్లలోకి చొరబడిన తీరుకు జనం మండిపడి, ప్లేగు అధికారి రాండును కాల్చిచంపడం వరకు పోయింది. వ్యాధిని పట్టడానికి చట్టమూ మందూ చాలవు, జనం మనసు తెలియాలని ఆనాడే రుజువైనది. 123 ఏళ్ల తరువాత చట్టం గుర్తున్నది గాని ఆ పాఠం అంతగా గుర్తుండలేదు.

బెంగళూరులో మేడలు కడుతున్న కూలీలలో అనంతపురం, కర్నూలు, పాలమూరు, రాయచూరు వైపు నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారి మాట మన మాటే. పనులు ఆగినవి, బస్సులు ఆగినవి. తెలంగాణలో మిరప కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు అడవిదారి పట్టి నడిచారు. వలస కూలీలను ఇళ్లకు చేర్చే మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1న హైదరాబాదు దగ్గరి లింగంపల్లి నుండే జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1200 మందితో బయలుదేరింది. ఇక్కడ బెంగళూరులో మాత్రం, మే 5న గృహనిర్మాణ వ్యాపారులతో సమావేశమైన తరువాత అటువంటి రైళ్లు వద్దని ప్రభుత్వం రైల్వేవారికి రాసింది. పనివారు వెళ్లిపోతే కట్టడాలు ఎవరు కడతారన్నది ఆ ఆలోచన. నలువైపుల నుండి విమర్శ రాగా రెండు రోజులకే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకున్నది.

అదే ఏడు సెప్టెంబరు 14న, తోవలో ఎందరు వలస కూలీలు చనిపోయారని పార్లమెంటులో అడిగితే, అటువంటి లెక్క తమ వద్ద లేదని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది. మరి ఆ కష్టాన్ని గురించి మనకు ఈనాడు తెలిసినదంతా ఎట్లా తెలిసింది?

ఎట్లాగంటే, కొందరు అడిగి రాసిపెట్టారు గనుక. దారిలో చిక్కుకుపోయిన కూలీలకు సహాయం చేయడానికి ఉపాధ్యాయులు, విద్యార్థులు, కార్యకర్తలు కలిసి 'స్వాన్' అనే ఒక బృందంగా ఏర్పడ్డారు. ఫోను చేసిన ప్రతి కూలీకీ తిండికి ఏర్పాటు చూస్తూనే, అతడు చెప్పినది రాసుకున్నారు. 2020 ఏప్రిల్ మధ్యలో వారు 11,159 మంది కూలీల సంగతి ప్రకటించారు. అందులో నూటికి 96 మందికి ప్రభుత్వం నుండి రేషను అందలేదు. నూటికి 89 మందికి ఆ మూసివేత రోజులకు యజమానులు కూలి ఇవ్వలేదు. సగంమంది దగ్గర ఒక్క రోజుకైనా చాలని తిండిగింజలే ఉన్నాయి.

మన నగరంలోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంవారు సేవాసంస్థలతో కలిసి 12 రాష్ట్రాలలో సుమారు 5 వేలమంది శ్రామికులను ఫోనులో పలకరించారు. దాదాపు మూడింట రెండు వంతులమందికి పని పోయిందని తేలింది. 2021 మేలో వారు ప్రకటించిన నివేదికలో, రోజుకు 375 రూపాయల కనీస వేతనం గీటురాయిగా తీసుకుంటే, ఆ ఏడాది కాలంలో 23 కోట్లమంది అదనంగా ఆ గీత కిందికి జారారని లెక్కగట్టారు. బడి పిల్లల సంగతి కూడా చూశారు. 2021 జనవరిలో కర్ణాటకతో సహా 5 రాష్ట్రాలలో 1,137 ప్రభుత్వ బడులలో 16,067 మంది పిల్లలను పరీక్షిస్తే, నూటికి 92 మంది అంతకు ముందు ఏడు వచ్చిన భాషా పాటవాలలో కనీసం ఒకటి మరిచిపోయారు. లెక్కలలో నూటికి 82 మంది. బడి మూతబడితే పిల్లవాడు ఉన్నచోటనే ఆగడనీ, వెనక్కు జారతాడనీ అప్పుడు గదా తెలిసింది!

ఇటువంటి పని గాలిలో జరగదు. అడిగేవారికి బత్తెం కావాలి, ఫోను ఖర్చు కావాలి, కన్నడమూ తెలుగూ హిందీ ఒడియా తెలిసినవారు కావాలి, విన్నది రాసి సరిచూసి భద్రపరచేవారు కావాలి. 2020లో ఆ విశ్వవిద్యాలయమే కోవిడ్ పరిశోధనకని ప్రత్యేకంగా ఒక నిధి పథకం పెట్టి, ఈ మహమ్మారి మన జీవనం మీద చూపిన ప్రభావాన్ని పరిశీలించే పెక్కు అధ్యయనాలకు డబ్బు సమకూర్చింది. 1969లో ఏర్పడిన భారత సాంఘిక శాస్త్ర పరిశోధన మండలి కూడా ఆ ఏడే ప్రత్యేకంగా దరఖాస్తులు పిలిచింది. బ్రిటనులో కళలు, మానవీయ శాస్త్రాల మండలి, అమెరికాలో 1923 నాటి సాంఘిక శాస్త్ర పరిశోధన మండలి సైతం త్వరితగతిని చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చినవి. త్వరగా ఎందుకంటారా? కష్టం దాటినవాడు దానిని మరిచిపోవాలనే చూస్తాడు. ఆర్నెల్లలో అడిగితే చెప్పేది ఒకటి, ఆరేళ్లకు చెప్పేది మరొకటి.

అయినా మందుకు ముట్టే డబ్బుతో పోలిస్తే ఈ పనికి ముట్టేది చెంబెడు నీళ్లే. అది కూడా ఎప్పుడో అడుగుకు చేరుతుంది. దీనికి మన ఊళ్లోనే ఒక పాత కథ ఉన్నది.

ప్లేగు బెంగళూరుకు వచ్చిన 1898 సంవత్సరంలోనే జంషెడ్జీ టాటా గారు తన ఆస్తిలో నుండి 30 లక్షల రూపాయల విలువైన భవనాలూ భూములూ ఇచ్చి ఒక పరిశోధనా సంస్థను పెట్టించాలని పూనుకున్నారు. ఆ ఏడు డిసెంబరు 31న కర్జన్ ప్రభువు చేతికి అందించిన ముసాయిదాలో మూడు శాఖలున్నాయి: విజ్ఞాన సాంకేతిక శాఖ ఒకటి, వైద్య శాఖ ఒకటి, తత్త్వ విద్యా శాఖ ఒకటి. ఈ మూడవ దానిలో నీతిశాస్త్రం, మనస్తత్త్వం, చరిత్ర, అర్థశాస్త్రం, భాషాశాస్త్రం మొదలైనవన్నీ చేర్చారు. మైసూరు సంస్థానం 371 ఎకరాలిచ్చింది. 1909లో సంస్థ ఏర్పడింది, 1911లో విద్యార్థులు చేరారు. కాని అప్పటికి తెరిచిన శాఖలు రసాయనం రెండు, విద్యుత్తు ఒకటి. ఆ మూడవ శాఖ మొదటి పంక్తిలో కూర్చోనే లేదు. రోగమూ, యంత్రమూ, మనిషీ అనే మూడింటినీ ఒకే పందిట్లో చూడాలన్న టాటా గారి ఊహ ఎంత ముందుచూపో ఇప్పుడు తెలుస్తున్నది. 1972లో వి.కె.ఆర్.వి. రావు గారు సాంఘికార్థిక పరివర్తన సంస్థను ఇక్కడ నెలకొల్పడం, 1988లో జె.ఆర్.డి. టాటా గారి తలపుతో అదే టాటా ఇన్‌స్టిట్యూటు ఆవరణలో శాస్త్రజ్ఞులనూ సాహితీ తత్త్వవేత్తలనూ ఒకచోట కూర్చే మరొక ఉన్నత అధ్యయన సంస్థ రావడం ఆ లోటును కొంత తీర్చినవి.

ఇటువంటి పనిని పోషించడం తెలుగువారికి తెలియనిది కాదు. బ్రౌను దొర కడపలో తన జీతంలో నుండి పండితులకు ఇచ్చుకుని తాళపత్రాలు సేకరింపజేయకపోతే వేమన పద్యాలు ఎన్ని మిగిలేవో! 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞాన చంద్రికా గ్రంథమాలను ఆరంభిస్తే మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు అండగా నిలిచారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. రాజుల యుద్ధాలు పక్కకు పెట్టి మనవాళ్లు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు అని అడిగిన పుస్తకమది. తినడం, కట్టడం, ఆడడం చరిత్ర అయితే, జ్వరం వచ్చిన రోజు ఇంట్లో ఏమైందన్నది చరిత్ర కాకుండా పోతుందా?

ఇంత చెప్పినా మా మాటకు ఎదురు లేదనుకోవద్దు. మన సంఘంలోనే, కరోనా సహాయానికి పోగుచేసిన చందాలలో మిగిలిన కొద్ది మొత్తాన్ని ఏమి చేయాలన్న ముచ్చట వచ్చినప్పుడు, ఒక విద్యార్థికి ఇచ్చి మన కుటుంబాల అనుభవాలు రాయిద్దామని మేము అన్నాము. ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. "ఆకలిగొన్నవాడి చేతిలో అన్నం పెట్టక, నీకెంత ఆకలి వేసిందని అడిగి రాసుకుంటామా?" అన్నారు. ఆయన 2021 ఏప్రిల్, మే నెలలలో ప్రాణవాయువు సిలిండర్ల కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకున్నవారు. తావరెకెరె వైపు ఆరుబయట చితులు పేర్చిన రోజులవి. ఆయన మాటను తేలికగా తీసుకోలేము.

ఆయన ప్రశ్నలో న్యాయమున్నది. దుఃఖంలో ఉన్నవారి గడప తొక్కి ప్రశ్నలు వేయడం తప్పే. ఫోనులో అడిగే సర్వే ఫోనులేని నిరుపేదను వదిలివేస్తుందన్నదీ నిజమే. ఎన్నో నివేదికలు బీరువాలలో దుమ్ముపట్టి ఉన్న మాట కూడా నిజమే. కాని అన్నం, లెక్క ఒకదానికొకటి శత్రువులు కావు. పైన చెప్పిన స్వాన్ బృందంలో అన్నం పెట్టిన చేతులే లెక్కా రాసినవి. రాశారు గనుకనే అన్నం ఎక్కడ అందలేదో దేశానికి తెలిసింది. 1876–78 నాటి ధాత కరువులో రాయలసీమా మైసూరూ మాడిపోయిన తరువాత, 1880లో కరువు కమిషను కూర్చుని ఊరూరి సంగతులు తెప్పించుకున్న మీదట గదా కరువు వస్తే ఏ అధికారి ఏమి చేయాలో నిబంధనలు పుట్టినవి! రేపటి ఆకలికి ఇవాళ్టి రాత అట్లా అన్నమవుతుంది.

లెక్క లేకపోతే ఏమవుతుందో కూడా చూశాము. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వలన అధికంగా పోయినవారు మన దేశంలో 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా కట్టింది. అధికారిక లెక్క 4 లక్షల 80 వేల పైచిలుకు. ప్రభుత్వం ఆ అంచనాను అంగీకరించలేదు. 1881 నుండి పదేళ్లకొకమారు తప్పక జరిగిన జనాభా లెక్కలు 2021లో జరగక వాయిదా పడ్డాయి. 4 లక్షల 80 వేలకూ 47 లక్షలకూ మధ్య ఉన్నది అంకె కాదు, ఎన్నో ఇళ్లు. మన ఇళ్లు కూడా అందులో ఉన్నవో లేవో ఎవరు చెప్పాలి?

చివరకు మన పెద్దాయనే ఒక దారి చూపారు. "సరే, డబ్బులో సగం ఆస్పత్రి ఖర్చులకు అప్పులపాలైన మన కుటుంబాలకు ఇవ్వండి. మిగిలిన సగంతో రాయించండి. కాని అడిగేది ముందు నన్ను అడగండి" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లు చెమర్చినవి. ఆ రెండు నెలలలో తాను ఎవరెవరికి ఫోను చేసిందీ, ఎవరికి సిలిండరు దొరికిందీ, ఎవరికి దొరకనిదీ ఒక పాత డైరీలో రాసుకున్నారట. ఇన్నాళ్లూ ఎవరికీ చూపలేదు.

అటువంటి డైరీలు మన ఇళ్లలో ఇంకా ఉంటాయి. పాలవాడి లెక్క రాసే పుస్తకంలో, పిల్లవాడి బడి నోటు వెనుక అట్టమీద, ఫోనులో దాచిన మాటలలో ఉంటాయి. వాటిని పారవేయవద్దని సోదరీ సోదరులను కోరుతున్నాము. ఇంట్లో పెద్దవారిని తీరికగా కూర్చోబెట్టి నాలుగు మాటలు అడగండి: ఆ రోజులలో ఇల్లు ఎట్లా గడిచింది? పనిమనిషికి జీతం ఇచ్చారా, మానేశారా? పోయినవారిని సాగనంపడానికి ఎవరు వెళ్లగలిగారు? ఎవరు ఆదుకున్నారు, ఎవరు తలుపు వేసుకున్నారు? మన గొప్పలతోపాటు మన తప్పులూ రాయండి. పనిమనిషినీ, కావలివాడినీ కూడా అడగండి, కాని వారు ఇష్టపడితేనే. పేర్లు వద్దన్నవారి పేర్లు మార్చి రాయండి. రాసినదాని నకలు ఒకటి ఇంట్లో, ఒకటి గ్రంథాలయంలో ఉండాలి. ఈ పత్రికలో కూడా అటువంటివాటికి చోటు ఇవ్వదలచాము.

చందా ఇవ్వగలవారు ఆస్పత్రికి ఇచ్చే పది రూపాయలలో ఒక రూపాయి ఈ పనికి తీసి పక్కన పెట్టండి. అది చాలు. మన కాలేజీలలో చరిత్రా, అర్థశాస్త్రమూ చదువుతున్న పిల్లలకు 'దానివల్ల ఉద్యోగమేమి వస్తుంది?' అని చెప్పి ఉసూరుమనిపించకండి. రేపు మరొక జ్వరం వచ్చినప్పుడు, ఏ వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదో కనిపెట్టి చెప్పేది వారే.

మన భాషలో మహమ్మారి అన్నా, మారమ్మ అన్నా, మారి అన్న మాటలో నుండి వచ్చినవే. పూర్వులు భయానికి పసుపు రాసి, బొట్టుపెట్టి, తల్లీ అని పిలిచి గుడి కట్టారు. వారికి చేతనైనది వారు చేశారు. మన మునిమనుమరాలు ఒకనాడు ఎవరినో నిలబెట్టి "ఆ 2020లో ఏమైందట?" అని అడిగితే, "మా నాయనమ్మ ఏదో చెప్పేది" అన్న జవాబు మాత్రమే ఆమెకు దొరకకూడదు. నాయనమ్మ చెప్పినది నాయనమ్మ చేతిరాతలోనే దొరకాలి.